ఎర్ర జాడీలో మిగిలిన స్లైడ్

మాధురి మెట్లెక్కి వరండాలోకి వచ్చేసరికి సాయిశ్రీని స్ట్రెచర్ మీదికి చేర్చి తెల్లదుప్పటి కప్పేశారు. అంబులెన్స్ మనుషులిద్దరూ చెరోవైపు వంగి ఎత్తబోతున్నారు.

"ఒక్క నిమిషం" అంది మాధురి.

"అక్కర్లేదు, తీసుకెళ్లండి" అన్నాడు అవతలి చివర నిలబడ్డ సీఐ సిద్ధార్థ.

ఎవరి మాట వినాలో తోచక వాళ్లు ఆగారు. ఆ కాస్త వ్యవధి చాలు మాధురికి. మోకాళ్ల మీద కూర్చుని దుప్పటి కొస ఎత్తింది. ముందు కాళ్లు చూసింది. చెప్పులు లేవు. గోరింటాకు సగం వెలిసిన పాదాలు. రెండు అరికాళ్లూ పరీక్షగా చూసింది. బొబ్బ లేదు, కమిలిన మచ్చ లేదు. ఆ తర్వాతే ముఖం చూసింది. పాతికేళ్లు దాటిన పిల్ల. పెదవులు నీలం తిరిగిపోయాయి. నిన్న సాయంత్రం ఈ పిల్లే ఫోన్లో తనతో గలగలా మాట్లాడింది.

దుప్పటి సర్ది లేచింది. "ఇక తీసుకెళ్లండి."

సిద్ధార్థ దగ్గరికొచ్చాడు. వయసులో మాధురి కంటే పదేళ్లు చిన్న. ప్రైవేటు డిటెక్టివులంటే అతనికి బొత్తిగా గిట్టదు, ఆ సంగతి దాచుకునే మనిషీ కాదు.

"ఏంటి మేడమ్, గవర్నర్‌పేటలో మొగుడూ పెళ్లాల కేసులు అయిపోయాయా? కంకిపాడు దాకా వచ్చారు."

"అవి అయిపోయేవి కాదు లెండి సీఐ గారూ. ఈ అమ్మాయి నా పని చేస్తూ పోయింది. అందుకొచ్చాను."

"మీ పనా? పశువుల ల్యాబులో మీకేం పని?"

చెప్పక తప్పదు. చెప్పింది.

పెడనలో మగ్గాల ఇంట పుట్టి, గవర్నర్‌పేటలో చేనేత చీరల హోల్‌సేల్ కొట్టు పెట్టి నిలదొక్కుకున్న అంకమ్మరావు నెల క్రితం రక్తం కక్కుకుని చనిపోయాడు. మైలవరం రోడ్డులో ఉన్న శ్రీవల్లభ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో పోస్టుమార్టం చేశారు. కాలేయం ముక్కని మైక్రోస్కోపు కింద చూసిన డాక్టరు సిర్రోసిస్ అని రాశాడు. ఏళ్ల తరబడి తాగినవాళ్ల కాలేయం మచ్చలు కట్టి రాయిలా గట్టిపడే జబ్బు. ఆ ఒక్క మాట పట్టుకుని సహజ మరణమని తేల్చేశారు. విషం ఉందా లేదా అన్న పరీక్షకి ఏమీ పంపలేదు. అతని భార్య రావమ్మ మాత్రం నమ్మలేదు. మాధురి ఆఫీసుకొచ్చి కుర్చీ అంచున కూర్చుని, "మా ఆయన గోలీసోడా కూడా వాసన చూసిగానీ తాగేవారు కాదండీ. తాగి పోయాడని రాస్తారేంటండీ? నలుగురూ అదే అంటున్నారు. నా బతుకు ఏమైనా పర్వాలేదు, ఆయన పేరు బాగు చెయ్యండి" అని చెప్పుకుని ఏడ్చింది.

రావమ్మ చేత అర్జీ పెట్టించి, అదే కాలేయం ముక్కనుంచి కోసిన రెండు స్లైడ్లు ఆస్పత్రినుంచి తెప్పించింది మాధురి. ఇంకా రంగు వెయ్యనివి. వాటిని ఈ జీవధార పశు పరిశోధన కేంద్రానికి తీసుకొచ్చి సాయిశ్రీ చేతిలో పెట్టింది. సాయిశ్రీ ఇక్కడ రీసెర్చ్ స్కాలర్. మేకా, గేదే, పందీ, కోడీ వీటి అవయవాల్లో కొల్లాజెన్ రకాల మీద పరిశోధన ఆమెది.

"కొల్లాజెన్ అంటే ఒంటిని ఊడిపోకుండా పట్టి ఉంచే దారం మేడమ్" అని ఆ రోజు చెప్పింది సాయిశ్రీ. "ఒకటో రకం మోకులాంటిది. మూడో రకం సన్నపోగు. మామూలు వెలుతుర్లో రెండూ ఒకటే. ఎర్రరంగు పట్టించి, వెలుతుర్ని అదుపుచేసే అద్దాలు రెండు అడ్డం పెట్టి చీకటి గదిలో చూడాలి. అప్పుడు మోకు ఎర్రగా, పసుపుగా మెరుస్తుంది. పోగు ఆకుపచ్చగా మెరుస్తుంది. పాత మచ్చా కొత్త మచ్చా, అసలు మచ్చేనా కాదా, అన్నీ అదే చెప్పేస్తుంది."

నిన్న సాయంత్రం ఆరు దాటాక ఫోన్ చేసింది. ఒక స్లైడు చూశానంది. ఫోన్లో చెప్పేది కాదు, పొద్దున్నే రమ్మంది. మాధురి ఎంత బతిమాలినా, "తొందరపడి ఒకరి మీద మాట వెయ్యకూడదు కదా మేడమ్, రేపటికల్లా గట్టిగా చెబుతాను" అని నవ్వి పెట్టేసింది.

ఆ ఫోన్లో ఇంకొక మాట కూడా అంది. ఆ మాట మాత్రం మాధురి సీఐకి చెప్పలేదు. చెప్పే సమయం వేరే ఉంది.

సిద్ధార్థ అంతా విని పెదవి విరిచాడు. "మీ చీరల సేఠ్ గొడవ నాకు తెలీదు మేడమ్. ఇక్కడ జరిగింది ప్రమాదం. రండి, చూపిస్తాను. చూసి వెళ్లిపోండి."

మైక్రోస్కోపు గది చాలా చిన్నది. కిటికీ లేదు. గోడలకి నల్లరంగు. ఒక బల్ల, ఒక కుర్చీ, బల్లమీద మైక్రోస్కోపు, పక్కన కంప్యూటరు. పైన స్ప్లిట్ ఏసీ. తలుపు పక్కన నేలమీద అల్యూమినియం క్యాన్ ఒకటి పక్కకి ఒరిగి ఉంది. మూత ఊడి కుర్చీ కిందికి దొర్లింది.

"చూశారుగా. ద్రవ నైట్రోజన్. పల్లెటూళ్లలో పశువుల డాక్టరు బండికి కట్టుకుని తిరుగుతాడే, అలాంటి క్యానే, కాకపోతే ఇది పెద్దది" అన్నాడు సిద్ధార్థ. "లోపలికి తెచ్చుకుంది, కాలో చెయ్యో తగిలి ఒరిగింది. అదంతా ఆవిరై గదిలో గాలిని తోసేసింది. రెండు గుక్కలు పీలిస్తే మనిషి కూలిపోతాడు. వాసన రాదు, ఊపిరాడనట్టు కూడా ఉండదట. ఆ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది తప్ప బయటి గాలి తేదు. పొద్దున్న అటెండర్ ఆరోన్ తలుపు తీశాడు. వాడికీ తల తిరిగింది. ఎలాగో బయటికి లాక్కొచ్చాడు. అప్పటికే అయిపోయింది."

మాధురి గుమ్మంలోనే నిలబడి నేల చూసింది. నేలకి పరిచిన వినైల్ షీటు క్యాన్ మూతి దగ్గర మొదలై కుర్చీ కాళ్ల కిందదాకా బీటలు తీసి, ఎండిన అప్పడంలా లేచిపోయింది. గుమ్మం బయట ఒక జత చెప్పులు, పక్కపక్కనే పద్ధతిగా విడిచినవి. చెప్పుల పక్కన స్టూలు. స్టూలు మీద పార్సిల్ టీ. ప్లాస్టిక్ కవరుకి దారంతో బిగించిన ముడి అలాగే ఉంది. టీ చల్లారి పైన మీగడ తట్టు కట్టింది.

"ఇదేంటి?"

"టీ మేడమ్. ఎదురుగా సుబ్బరత్నం బడ్డీ ఉంది. ఆరున్నరకి వెళ్లి అక్కడే ఒక టీ తాగింది, ఒకటి కట్టించుకుని వచ్చింది. కనుక్కున్నాం."

"తాగి వచ్చిన మనిషికి ఇంకోటి ఎందుకు?"

"మళ్లీ తాగుదామనుకుంది. టీ తాగడం కూడా నేరమేనా?"

మాధురి లోపలికి వెళ్లింది. మైక్రోస్కోపు మీద ఒక స్లైడు ఉంది. చీటీ మీద 'మేక' అని రాసుంది. ఆస్పత్రి నంబరు ఉన్న స్లైడు బల్లమీద లేదు, సొరుగులో లేదు, కింద పడిందేమోనని వంగి చూస్తే అక్కడా లేదు. కంప్యూటర్లో ఆ సాయంత్రం తీసిన ఫొటోలు ఒక్కటీ లేవు.

"సీఐ గారూ, సాయిశ్రీ నిన్న చేసిన పనికి నైట్రోజన్ ఎందుకు?"

"ముక్కల్ని గడ్డకట్టించడానికి. డాక్టరు గారు చెప్పారు."

"ఆవిడ ముక్కల్ని గడ్డకట్టించదు. మైనంలో దిమ్మలు పోసి కోస్తుంది. నా ముందే కోసి చూపించింది. సరే, అది వదిలెయ్యండి. చెప్పులు గుమ్మం బయట ఉన్నాయి. అంటే ఉత్తికాళ్లతో లోపలికొచ్చింది. అవునా?"

"అవును."

"క్యాన్ ఒరిగినప్పుడు ఆవిడ లోపల ఉందంటున్నారు. ఆ ద్రవం పారిన దారి నేలమీద కనిపిస్తూనే ఉంది, కుర్చీ కిందిదాకా. వినైల్ షీటునే బీటలు తీయించిన చలి. ఉత్తికాళ్లతో ఆ మడుగులో నిలబడితే అరికాళ్లు ఏమవ్వాలి?"

సిద్ధార్థ వంగి బీటలు తీసిన షీటు చూశాడు.

"నిప్పుల మీద నడిచినట్టు కాలిపోవాలి" అంది మాధురి. "ఇందాక చూశాను. ఒక్క బొబ్బ లేదు. ద్రవం ఉన్నప్పుడు ఆవిడ లోపల లేదు. ఆవిడ లోపలికొచ్చేసరికి ద్రవం లేదు, ఊపిరి తీసే గాలి మాత్రం ఉంది. ఎవరో ముందే ఒంపి, తలుపు వేసి, వెళ్లిపోయారు."

వరండాలో కానిస్టేబుళ్లు వింటున్నారు. అది గమనించి సిద్ధార్థ ముఖం జేవురించింది. "డాక్టర్లు చెప్పాల్సింది మీరు చెప్పకండి. పోస్టుమార్టం అయ్యేదాకా ఇది ప్రమాదమే. మీరు డిపార్టుమెంటులో లేరు. నా సీన్‌లో వస్తువులు తాకొద్దు, నా సాక్షుల్తో మాట్లాడొద్దు. ఇంకో మాట మాట్లాడితే కానిస్టేబుల్ చేత గేటు దాటిస్తాను."

"దాటించండి. కానీ ఆ పోస్టుమార్టం ఎక్కడ చేయిస్తారు? శ్రీవల్లభలోనేగా? అంకమ్మరావు కాలేయాన్ని చూసిందీ వాళ్లే. అప్పుడూ ఒక కాగితం చూసే ఫైలు మూశారు. ఇప్పుడు మీ సంతకంతో ఇంకోటి మూస్తారు. రేపు ఎవరైనా తిరగదోడితే అడిగేది నన్ను కాదు."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది.  సిద్ధార్థ కానిస్టేబుల్ని పిలిచి, బాడీని శ్రీవల్లభకి వద్దు, బందరు పంపమని చెప్పాడు. తర్వాత ఆమెవైపు తిరిగి, "పది నిమిషాలు ఇస్తున్నాను. నా ఎదురుగానే" అన్నాడు.

"చాలు. రంగులు వేసే గది ఎక్కడ?"

పక్క గదే. సింకు, అలమార, ఒకే వరసలో గాజు జాడీలు. వాటిలో ఒకదాంట్లో నెత్తురులాంటి ఎర్రరంగు నిండుగా ఉంది. మాధురి దాని ముందు ఆగి చెప్పింది. "నిన్న ఫోన్లో సాయిశ్రీ ఇంకో మాట అంది. 'రెండోది రంగులో పెట్టాను మేడమ్, గంట ఆగాలి' అంది. నేనిచ్చింది ఒక స్లైడు కాదు, రెండు. చంపినవాడికి ఒకదాని సంగతే తెలుసు. దాన్నే పట్టుకెళ్లాడు."

"ఈ మాట ఇందాక చెప్పలేదేం?"

"మీరు గేటు దాటిస్తారేమోనని."

అటెండర్ ఆరోన్ మూలన ముడుచుకుని కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. స్లైడ్లు కడిగి ఆరబెట్టడం అతని రోజువారీ పని. మాధురి అడిగితే లేచాడు. గ్లౌజులు వేసుకుని, చిన్న పట్టకారుతో జాడీలోంచి ఒక్కొక్కటే తీశాడు. మేక. మేక. గేదె. నాలుగోదాని చీటీ మీద పశువు పేరు లేదు. శ్రీవల్లభ ఆస్పత్రి ముద్ర, ఒక నంబరు.

"రాత్రంతా నానిపోయింది, పాడైపోయుంటుందిగా?" అన్నాడు సిద్ధార్థ.

"లేదండీ, ఈ రంగు ఎంతసేపున్నా పాడవదు" అన్నాడు ఆరోన్. "కడిగి ఆరబెట్టి అద్దం పలక అంటించమంటారా?"

"చెయ్యి ఆరోన్" అంది మాధురి. "ఈలోగా మేం డాక్టరు గారితో మాట్లాడతాం."

డాక్టర్ రామకోటేశ్వరరావు ఈ కేంద్రానికి పెద్ద. సాయిశ్రీకి గైడు. ఆవరణ వెనకే క్వార్టర్స్‌లో ఉంటాడు. భార్య పోయి చాలాకాలమైంది. మాధురి వెళ్లేసరికి తన గదిలో బల్లమీద మోచేతులు ఆన్చి, రెండు చేతులతో తల పట్టుకుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ ఏడుపు నిజమేననిపించింది ఆమెకి. నిజమైన ఏడుపు కూడా ఒక్కోసారి ఏమీ రుజువు చెయ్యదు.

"బంగారంలాంటి పిల్లమ్మా" అన్నాడు. "నా కూతురు ఉంటే ఆ వయసే. ఎన్నిసార్లు చెప్పానో, ఆ క్యాన్ జోలికి ఒక్కదానివే వెళ్లొద్దని."

"నిన్న మీరు ఎన్నింటిదాకా ఉన్నారు డాక్టర్ గారూ?"

"ఐదున్నరకి క్వార్టర్స్‌కి వెళ్లిపోయాను. తల నొప్పిగా ఉంటే పడుకున్నాను. మళ్లీ పొద్దున్న ఆరోన్ కేకలకే లేచాను."

"సాయిశ్రీ ఏ స్లైడు చూస్తోందో మీకు తెలుసా?"

"మేకవే అనుకుంటా. తన పని తనదమ్మా, నేను అడుగడుక్కీ అడగను."

"నేనొక మనిషి కాలేయం తెచ్చిచ్చానని మీకు చెప్పలేదా?"

"లేదే!" ఆశ్చర్యం ముఖంలోకి కాస్త ఆలస్యంగా వచ్చింది. "ఇక్కడ మనుషులవి చూడ్డానికి అనుమతి లేదమ్మా. చెబితే వద్దనేవాణ్ణి. అందుకే చెప్పి ఉండదు."

ఆరోన్ స్లైడు సిద్ధమైందని చెప్పడానికి వచ్చాడు. మాధురి లేచింది. "డాక్టర్ గారూ, ఒక్క సాయం చెయ్యాలి. ఇది అంకమ్మరావు అనే ఆయన కాలేయం. నేను సాయిశ్రీకి ఇచ్చిన రెండిట్లో రెండోది. ఇందులో ఏముందో మీరు చూసి చెప్పండి. సీఐ గారు రికార్డు చేసుకుంటారు."

రెండోది అన్న మాటకి రామకోటేశ్వరరావు కుర్చీ చేతిమీద వేళ్లు బిగిశాయి. కాదనడానికి దారి లేదు. లేచి వచ్చాడు.

గది తలుపు పొద్దున్నుంచీ బార్లా తీసే ఉంది, అయినా ఫ్యాను పెట్టి గాలి ఆడించారు. ఆయన కుర్చీలో కూర్చుని స్లైడు పెట్టాడు. లైటు ఆర్పి అద్దాలు తిప్పగానే కంప్యూటరు తెరమీద బొమ్మ వెలిగింది. నల్లటి నేలమీద ఎర్రగా, పసుపుగా మెరిసే గీతలు. ఆ గీతలు ఒకదానితో ఒకటి కలిసి గదులు గదులుగా, తేనెపట్టులా పరుచుకున్నాయి. ఆకుపచ్చ ఎక్కడో ఒక మెరుపు తప్ప లేదు. ప్రతి గది నడిమధ్యనా ఒక చిన్న గుండ్రటి ఖాళీ.

ఆయన ఎంతోసేపు చూడలేదు. "సిర్రోసిస్" అన్నాడు. "సందేహమే లేదు. చుట్టూ మచ్చ కట్టేసి గదులుగా విడగొట్టింది. పాపం, బాగా తాగేవాడై ఉంటాడు."

"ఖాయమేనా?"

"ముప్పై ఏళ్లుగా కాలేయాలు చూస్తున్నానమ్మా."

సిద్ధార్థ ఆమెవైపు చూసిన చూపులో 'ఇక చాలా?' అన్న ప్రశ్న ఉంది. మాధురి ఆ చూపు పట్టించుకోలేదు. "ఆ ఖాళీలేంటి డాక్టర్ గారూ, ఒక్కో గదికి మధ్యన?"

"సిర. రక్తం వెళ్లే దారి."

"ప్రతి గదికీ ఉందే? అదీ సరిగ్గా నడిమధ్యన?"

ఆయన స్లైడుని కాస్త పక్కకి జరిపాడు.

"కొంచెం వరండాలోకి వస్తారా?"

వరండా గోడకి ఒక పెద్ద పోస్టరు అంటించి ఉంది. పోయిన నెల ఇంటర్ పిల్లలు ల్యాబు చూడటానికి వచ్చినప్పుడు సాయిశ్రీ తెలుగులో చేసింది. నాలుగు జంతువుల కాలేయాలు, నాలుగు రంగుల బొమ్మలు. మేకా, గేదే, కోడీ. వాటిలో ఎర్రగీతలు అక్కడక్కడా మాత్రమే ఉన్నాయి. నాలుగో బొమ్మలో మాత్రం మెరిసే తేనెపట్టు. ప్రతి గది మధ్యనా సిర. ఇందాక తెరమీద చూసిన బొమ్మ దీన్నుంచే తీశారా అన్నట్టుంది. దాని కింద సాయిశ్రీ ముద్దుగా ఒక వాక్యం రాసింది.

మాధురి పైకే చదివింది. "'ఆరోగ్యంగా ఉన్న పంది కాలేయం. పందికి పుట్టుకతోనే ఈ గోడలు ఉంటాయి. తెలియనివాళ్లు మనిషి సిర్రోసిస్ అని మోసపోతారు, జాగ్రత్త!'"

సిద్ధార్థ పోస్టరు దగ్గరికి వచ్చి చూశాడు. వెనక్కి వెళ్లి తెరమీద బొమ్మ చూశాడు. మళ్లీ వచ్చాడు. ఈసారి అతని గొంతు మారింది. "అంటే ఆ అంకమ్మరావుది..."

"అంకమ్మరావుది కాదు. అసలు మనిషిదే కాదు. ఆయన కాలేయం తీసేసి పంది ముక్క పెట్టారు. మనుషుల్ని చూసే డాక్టరు సిర్రోసిస్ అనుకుని మోసపోయాడు. అందులో తప్పేం లేదు, ఆయనకి పందులు తెలీవు." మాధురి రామకోటేశ్వరరావు వైపు తిరిగింది. "మీకు తెలుసు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నారు. మీ స్కాలరు పిల్లలకోసం గోడమీద రాసిన సంగతి మీకు తెలియకపోవడం ఏంటండీ? తెలిసీ ఎందుకు అబద్ధం చెప్పారు?"

"పొరపాటు పడి ఉంటానమ్మా. రాత్రి నిద్ర లేదు. మనసు బాగాలేదు..."

"రాత్రి నిద్ర లేదా? ఇందాక తలనొప్పితో పడుకున్నానన్నారు."

అప్పుడు సిద్ధార్థ కల్పించుకున్నాడు. అతను స్టూలుమీద ఉన్న పార్సిల్ టీ వైపు చూస్తున్నాడు.

"డాక్టర్ గారూ, మీకు షుగర్ ఉందా?"

"ఏంటి?"

"షుగర్ జబ్బు. నేనొచ్చిన వెంటనే ఆరోన్ టీ తెస్తే, మీకు పంచదార లేకుండా తెమ్మని పంపించారు. గుర్తుందా? సుబ్బరత్నం మా కానిస్టేబుల్‌కి చెప్పింది. నిన్న ఆ అమ్మాయి కట్టించుకున్న టీలో పంచదార వెయ్యొద్దందట, సార్‌కి అందట. అప్పుడు నాకు పట్టలేదు." సిద్ధార్థ ఒక అడుగు ముందుకేశాడు. "ఐదున్నరకే ఇంటికెళ్లి పడుకున్న మనిషికి ఆరున్నరకి టీ ఎవరు తెమ్మన్నారు సార్?"

రామకోటేశ్వరరావు గోడకి ఆనుకున్నాడు. మెల్లగా జారి, పోస్టరు కిందే, నేలమీద కూర్చుండిపోయాడు. అంత పెద్దమనిషి అలా కూలబడితే ఆరోన్ అలవాటుకొద్దీ లేవదీయడానికి ముందుకొచ్చి, ఏదో అర్థమై, మళ్లీ వెనక్కి జరిగాడు.

"పరుగెత్తుకుంటూ వచ్చింది" అన్నాడు ఆయన. "'సార్, ఇది మనిషిది కాదు సార్, పంది సార్, మన ల్యాబులో పంది కాలేయం సీసాలు తగ్గాయి కదా సార్' అంది. నాకు చెబితే అంతా చక్కబడిపోతుందనుకుంది. వెళ్లి టీ తాగి, నాకూ ఒకటి పట్రా, ఇద్దరం కూర్చుని చూద్దామన్నాను."

"ఆ పిల్ల టీకి వెళ్లగానే క్యాన్ ఒంపారు" అంది మాధురి.

"లైటు వేసి ఉంచాను" అన్నాడు. "నేను లోపలే ఉన్నాననుకుంది."

ఆరోన్ ఒక్క కేక పెట్టి ముఖం కప్పుకున్నాడు. మాధురి గుమ్మంవైపు చూసింది. చెప్పులు గుమ్మం బయట పద్ధతిగా విడిచి, లోపలికి తేకూడదని టీ స్టూలుమీద పెట్టి, గైడు లోపల ఎదురుచూస్తున్నాడని వెళ్లిన పిల్ల.

"పంది ముక్క ఎవరికిచ్చారు?" సిద్ధార్థ గొంతు కటువుగా ఉంది.

"నానికి. ఇదివరకు ఇక్కడే పనిచేసేవాడు. ఇప్పుడు శ్రీవల్లభ ల్యాబులో టెక్నీషియను. కాలేయం మచ్చలకి నేనొక మందు కనిపెట్టానని పేరొచ్చింది. మందు వేసిన మేకవీ, వెయ్యని మేకవీ అని నా పరిశోధన పత్రంలో ఫొటోలు వేశాను. రెండూ ఒకే మేకవి. అవి తీసింది నానీయే. బయటపెడతానని బెదిరించాడు. ఎందుకని అడక్కుండా ముక్క ఇచ్చాను. వాడి వెనక ఎవరున్నారో నాకు తెలీదు. ఒట్టు."

సిద్ధార్థ అప్పటికే ఫోన్ తీసి నానిని పట్టుకోమని స్టేషన్‌కి చెబుతున్నాడు. మాధురి మాత్రం కదల్లేదు. సాయిశ్రీ అన్నదని ఆయన చెప్పిన మాటలో ఒకటి ఆమెకి అడ్డం తగులుతోంది. సీసా తగ్గింది అనలేదు. సీసాలు తగ్గాయి అంది.

ఆయన ఎదురుగా గొంతుకూర్చుంది. "ఎన్ని ఇచ్చారు?"

ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు.

"డాక్టర్ గారూ. నానికి ఎన్ని సీసాలు ఇచ్చారు?"

"మూడు" అన్నాడు నేలచూపులతో. "మొదటిది వేసవిలో. రెండోది మీ అంకమ్మరావు అప్పుడు. మూడోది ఈ సోమవారం పట్టుకెళ్లాడు."

"ఎవరికోసం?"

"చెప్పలేదు. చిన్న ముక్క చాలన్నాడు. ఈసారి ఆడమనిషి అన్నాడు."

మాధురి లేచి నిలబడేలోపే ఫోన్ తీసి రావమ్మ నంబరు నొక్కింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఈసారి ఎత్తారు. రావమ్మ కాదు, మేనకోడలు అక్షయ. 

"అక్షయా, అత్తయ్యకివ్వమ్మా. అర్జెంటు."

"అత్తయ్య మాట్లాడే స్థితిలో లేదు మేడమ్. రాత్రినుంచి ఒకటే వాంతులు. పొద్దున్నకి కళ్లు పసుపుముద్దలైపోయాయి. ఆస్పత్రిలో చేర్చాం."

"ఏ ఆస్పత్రి?"

"శ్రీవల్లభేనండీ, మైలవరం రోడ్డు."

కంకిపాడు నుంచి మైలవరం రోడ్డంటే బెజవాడంతా దాటాలి. మాధురి సిద్ధార్థకి సైగ చేస్తూనే మెట్లవైపు పరుగు తీసింది. "అక్షయా, నేను చెప్పేది విను. అత్తయ్య పక్కనే కూర్చో. ఎవరేమిచ్చినా నోట్లో పడనివ్వకు. సూది కూడా వెయ్యనివ్వకు. నేను వచ్చేదాకా ఆవిణ్ణి ఒంటరిగా వదలకు."

"వదల్లేదండీ, నేను మందులకోసం కిందికొచ్చాను అంతే" అంది అక్షయ. "మీరేం కంగారుపడకండి. ఇక్కడ ల్యాబులో పనిచేసే నాని అనీ, మావయ్యకి బాగా తెలిసినతనట, పైన అత్తయ్య దగ్గర అతనే కూర్చున్నాడు."